ముద్ర ఉంటే మనిషి ఉన్నట్టే

ఆ వేసవి సెలవుల్లో మా ఇంట్లోకి నాలుగో మనిషి వచ్చి చేరాడు. పోయి నాలుగు వేల ఏళ్ళయింది కాబట్టి ఆయనకు తిండి ఖర్చు లేదు. భోజనాల గది మాత్రం మొత్తం ఆయనదే అయిపోయింది. గోడ మీద పెద్ద పెద్ద కాగితాలు, వాటి నిండా చుక్కలు, చుక్కల మధ్య గీతలు. నడిమధ్యన అరచేతంత నల్లటి చుక్క. అదే ఆయన.

మా ఆవిడ ఒక పరిశోధన సంస్థలో మట్టిపలకలు చదివేది. పాత రాతలనగానే రాజులు, యుద్ధాలు, ప్రేమలు ఉంటాయనుకుంటారు జనం. అవేమీ ఉండవు. ఫలానా గిడ్డంగిలోంచి ఇంత ధాన్యం ఫలానా పడవవాడికి ఇచ్చారు, ఫలానావాడు సాక్షి, ఇదిగో అధికారి ముద్ర. అంతే. ఆనాటి ఆఫీసు కాగితాలన్నమాట. మట్టి తడారకముందే అధికారి గొట్టంలా గుండ్రంగా ఉండే తన రాతిముద్రను దాని మీద దొర్లిస్తే పని పూర్తయినట్టు.

ఒకే పలక మీద ఇద్దరు కనిపిస్తే వాళ్ళ చుక్కల మధ్య ఒక గీత గీస్తాం. మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఆ గీత లావవుతుంది. అలా వేల పలకలు కలుపుకుంటూ పోతే ఎవరు ఎవరి మనిషో, ఎవరి చేతిమీదుగా పనులు నడిచాయో బయటపడుతుంది. రాజులు శాసనాల్లో కోతలు కోస్తారు గానీ గీతలు కొయ్యవు అనేది మా ఆవిడ. పలకలు చదవడం ఆవిడ పని, లెక్కలు కట్టడం నా పని. నేను బడిలో లెక్కల మాస్టార్ని. సెలవుల్లో ఊరికే కూర్చుంటే మా అమ్మ నా చేత ఉల్లిపాయలు తరిగిస్తుంది కాబట్టి ఈ పనికి నేనే ఎగబడ్డాను.

నడిమధ్య చుక్క ఆ రాజ్యపు ముద్రాధికారి. ధాన్యం, ఉన్ని, పడవలు, కూలీలు, ఏ శాఖ తీసుకున్నా ఆయన ముద్ర లేకుండా పని జరగలేదు. పద్దెనిమిదేళ్ళపాటు అందరికీ తలలో నాలుకలా ఉన్నాడు. చుక్క పెద్దది కదా అని మా అమ్మ ఆయనకు పెద్దాయన అని పేరు పెట్టేసింది.

"ఇంతమందితో పని పెట్టుకున్నాడు, ఇంట్లో పెళ్ళాం మొహం ఎప్పుడైనా చూశాడా పెద్దాయన?" అనడిగింది ఓ రోజు ఆ గోడ ముందు నిలబడి.

"పెళ్ళాం పేరు పలకల్లో ఎక్కడా రాలేదత్తయ్యా," అంది మా ఆవిడ.

"ఎందుకొస్తుంది! ముద్ర లేనిదాయె."

మా ఆవిడది పదకొండేళ్ళుగా గాలిలో దీపం లాంటి ఉద్యోగం. ఏడాదికోసారి కాంట్రాక్టు, ఏడాదికోసారి గుండెదడ. ఆ వేసవి మొదట్లో సంస్థలో ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు పడింది. ఆవిడ పైన ఉన్న ప్రొఫెసర్‌గారు రిటైరయ్యేలోపు దాన్ని నింపాలి. ఆ రాజ్యాన్ని నిలబెట్టింది రాజు కాదు, ఒక్క ముద్రాధికారి అని ప్రొఫెసర్‌గారు జీవితమంతా చెప్పుకొచ్చారు. ఆ మాటను లెక్కలతో రుజువు చేసే పత్రం మా ఆవిడ వేసవి ఆఖర్న సభలో చదవాలి. చదివితే ఉద్యోగం ఆవిడదే. అది రాకపోతే ఇంకోచోట దొరికేది కాదు. ఆ లిపి చదివేవాళ్ళకు జీతమిచ్చే చోట్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడకప్పటికి నలభై దాటాయి.

తింటూ ల్యాప్‌టాప్ చూడటం మా ఆవిడ అలవాటు. సంస్థవాళ్ళు కొత్తగా శుభ్రం చేసిన పలకల ఫొటోలు పంపుతుండేవాళ్ళు. ఒక మధ్యాహ్నం అలా చూస్తూ చూస్తూ ఆవిడ చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఆయన చచ్చిపోయాడు," అంది.

వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఎవరే? ఎప్పుడు? ఏమైంది?"

"పెద్దాయన, అత్తయ్యా."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నా గుండె ఆగినంత పనైంది. పోక ఏం చేస్తాడు, ఇన్ని వేల ఏళ్ళు బతుకుతాడా?"

"అది కాదత్తయ్యా. పనిలో చేరిన నాలుగో ఏడే పోయాడు."

బొటనవేలంత పలక. ముద్రాధికారి సమాధి దగ్గర పెట్టడానికి ఇంత పిండి ఇచ్చారు, మోసుకెళ్ళినవాడు ఫలానా వంటవాడు, నాలుగో సంవత్సరం. అదీ అందులో ఉన్నది. పేరు సరిపోయింది, హోదా సరిపోయింది. తండ్రి పేరు సగం విరిగిపోయింది గానీ మిగిలిన సగమూ సరిపోయింది. ఆవిడ భోజనం వదిలేసి ముద్రల ఫొటోలన్నీ వరసగా తెరిచింది. ఆయన ముద్ర అంచున చిన్న పగులుంది. మొదటి ఏడు నుంచి పద్దెనిమిదో ఏటి దాకా ప్రతి పలక మీదా అదే పగులు. అంటే కొత్త ముద్ర చేయించలేదు, కొత్త మనిషీ రాలేదు. పోయినవాడి ముద్రే పద్నాలుగేళ్ళు దొర్లింది.

"మరి దొర్లించిందెవరు?" అన్నాను.

"ఎవరికి వీలైతే వాళ్ళు. కింది గుమాస్తాలు. ఆఫీసులో మేకుకి తగిలించి ఉండుంటుంది."

"మార్చుకోలేదా?"

"మార్చాలంటే ఎవరో ఒకళ్ళు పూనుకోవాలి కదా మాస్టారూ. పని జరిగిపోతోంది, ఎవరికి పట్టింది?"

ముద్ర ఉంటే మనిషి ఉన్నట్టే. ఇది ప్రొఫెసర్‌గారు మొదట్లోనే పెట్టిన నియమం. మా ఆవిడ వేలాది పలకలను ఆ నియమంతోనే కంప్యూటర్లోకి ఎక్కించింది. నేనూ అలాగే లెక్కకట్టాను. మట్టి మీద ఉన్నది రాయి దొర్లిన గుర్తు మాత్రమే. ఆ పక్కన మనిషి నిలబడి ఉన్నాడని అనుకున్నది మేము. ఏ ఆఫీసుకైనా వెళ్ళి రబ్బరు స్టాంపు వేయించుకున్న మనిషికి ఇలాంటి పొరపాటు రాదు. బాగా చదువుకుంటేనే వస్తుంది.

ఆ సాయంత్రం నేనొక పరీక్ష పెట్టాను. పటంలోంచి ఒక చుక్కను తీసేసి, మిగతాది ఎన్ని ముక్కలుగా విడిపోతుందో చూడటం. ముక్కలు ఎంత ఎక్కువైతే ఆ మనిషి అంత ముఖ్యమన్నమాట. నాలుగో ఏటి తర్వాతి పలకలన్నిటి మీంచీ పెద్దాయన్ని తీసేశాను. డేరా నడిమి గుంజ పీకేసినట్టు మొత్తం కూలుతుందనుకున్నాను. కూలలేదు. చుక్కలు కొంచెం అటూ ఇటూ జరిగాయి, గుమాస్తాలు ఒకరితో ఒకరు ముందునుంచే కలిసున్నారు, పటం చెక్కుచెదరకుండా నిలబడింది.

"చూడు, ఎంత చక్కటి ఫలితమో! ఒక్క ముక్క కూడా విడిపోలేదు," అని అరిచాను. లెక్కల మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆవిడ వచ్చి నా వెనక నిలబడి చాలాసేపు తెర వంక చూసింది.

"ఏమీ అవలేదా?"

"ఏమీ అవలేదు."

"ఇంకోసారి చెయ్యండి."

చేశాను. అదే వచ్చింది. ఆవిడ లోపలికెళ్ళి ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెడుతోందని కాసేపటికి గమనించాను. అప్పటికిగానీ నా మట్టిబుర్రకు అర్థం కాలేదు. ఆవిడ ఆ మనిషిని ఇష్టపడింది. శాసనాల్లో పేరు లేకపోయినా, ఎవరూ శభాష్ అనకపోయినా, అన్ని పనులూ మోసుకుంటూ పోయిన ఉద్యోగి అని పదకొండేళ్ళు నమ్మింది. అలాంటివాడు ఒకడు ఉన్నాడన్న ధైర్యంతోనే కాంట్రాక్టు మీద కాంట్రాక్టు నెట్టుకొచ్చింది.

మర్నాడు పటాలు పట్టుకుని నేనూ ఆవిడతో ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళాను. పై అంతస్తులో చివరి గది. అట్టపెట్టెల మధ్య నడవడానికి ఒక్క పాదం పట్టేంత దారి, కిటికీ సగందాకా పుస్తకాలు, బల్ల మీద భూతద్దం బిగించిన దీపం. ఆయన రెండు కుర్చీల మీది పెట్టెలు తనే దించి మమ్మల్ని కూర్చోబెట్టారు. పలక ఫొటోను ఆ దీపం కింద పెట్టి చూశారు.

"ఒక్క పలకమ్మా," అన్నారు. "అన్ని వేల పలకల ముందు ఒక్కటంటే ఒక్కటి."

"ముద్ర అంచున పగులు చివరిదాకా అదే ఉంది సార్."

"ముద్ర సంగతి సరే. ఈ పోయినాయన అదే పేరున్న ఇంకో మనిషి కావచ్చుగా? తండ్రి పేరు సగం లేదు."

ఇది వాళ్ళ వృత్తిలో అందరికీ తెలిసిన దొడ్డిదారి. లెక్కకు అడ్డొచ్చినవాణ్ణి అదే పేరు గల వేరేవాడిగా రాసేస్తే పీడ విరగడవుతుంది.

"ఉన్న సగం సరిపోయింది కదా సార్," అంది మా ఆవిడ.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపమేమీ లేదు ముఖంలో. బాగా అలిసిపోయినట్టున్నారు. "చూడమ్మా, ఇంకో రెండు నెలలు నేనుంటాను. నేనున్నంతవరకే ఇక్కడ నీ తరఫున మాట్లాడే మనిషి ఉన్నట్టు. ఈ పలకని ఫుట్‌నోట్‌లో పెట్టు. ముందు ఆ కుర్చీలో కూర్చో. ఆ తర్వాత తీరిగ్గా నన్ను దిద్దు, ఎవరొద్దన్నారు? నేనే సంతోషిస్తాను."

ఆయన సలహా తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఇంటికొచ్చాక మా అమ్మే కదిపింది.

"చచ్చినవాణ్ణి ఇంకో పద్నాలుగేళ్ళు బతకనిస్తే ఎవరికే నష్టం, అమ్మాయ్?"

"ఆ వంటవాడికి, అత్తయ్యా. పిండి మోసుకుని సమాధి దాకా వెళ్ళాడు కదా. వాడికి తెలుసు ఆయన లేడని."

"వాడూ పోయాడు కదే," అంది మా అమ్మ మెల్లగా.

"మీరేమంటారు మాస్టారూ?" అని నా వైపు తిరిగింది మా ఆవిడ.

నీ ఇష్టం అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి నవ్వింది. ఆ వేసవిలో అదే ఆఖరి నవ్వని అప్పుడు తెలీదు.

సభ రోజున హాలు సగమే నిండింది. వెనక వరసలో నేనూ అమ్మా కూర్చున్నాం. మా ఆవిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మేం మనిషిని లెక్కపెట్టలేదు, ముద్రను లెక్కపెట్టాం. ఆయన పోయాడు, పోయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఇదిగో ఆయనున్న పటం, ఇదిగో లేని పటం, అంటూ రెంటినీ పక్కపక్కన చూపించింది. దుమారం లేస్తుందని నేను గుప్పిళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఎవరైనా లేచి తిట్టినా బాగుండేది. ఒకాయన లేచి గీతలకు రంగులు వేస్తే ఇంకా స్పష్టంగా ఉండేది కదా అన్నాడు. అధ్యక్షస్థానంలో ఉన్న ప్రొఫెసర్‌గారు "విలువైన దిద్దుబాటు" అని, గడియారం చూసుకుని, టీకి లేవమన్నారు. మా అమ్మ నా చెవిలో, "అంతేనా? అయిపోయిందా?" అనడిగింది.

వానలు మొదలవుతుండగా ఫోన్ వచ్చింది. అమ్మకు ఒంట్లో బాగాలేక ఆ పూట వంట మా ఇద్దరిదీ. ఆవిడ చేతులు తడిగా ఉన్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టింది. నేను పక్కనే పప్పు కడుగుతున్నాను.

"కమిటీ నిన్న కూర్చుందమ్మా," అన్నారు ప్రొఫెసర్‌గారు. "ముద్రాధికారి అంత ముఖ్యుడు కాడని తేలిపోయింది కాబట్టి ఆ ప్రాజెక్టు పూర్తయినట్టేనన్నారు. దానికి ఇక ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదని... పోస్టు ఇంకో విభాగానికి వెళ్ళింది. నీ కాంట్రాక్టు కూడా ఇక పొడిగించరట. నేను చెప్పి చూశాను."

"మీ మోకాలి నొప్పి ఎలా ఉంది సార్?" అనడిగింది మా ఆవిడ.

"పర్వాలేదమ్మా."

"వానగాలికి తిరక్కండి," అని చెప్పి ఫోన్ పెట్టేసింది. నా చేతిలో గిన్నె అందుకుని, కడిగిన పప్పునే ఇంకో రెండుసార్లు కడిగి, పొయ్యి మీద పెట్టింది. ఆ పూట కూరలో ఉప్పు కూడా సరిగ్గానే పడింది.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టయింది," అని గొణిగింది మంచం మీదున్న మా అమ్మ, నాకు మాత్రమే వినపడేలా. అనేసి దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆ తర్వాత మా ఇల్లు మారిపోయింది. మా ఆవిడ గోడ మీది కాగితాలన్నీ తీసేసింది. మొదట్లో బాగానే ఉన్నట్టుండేది. తర్వాత్తర్వాత పగలు పడుకోవడం మొదలైంది. స్నానానికని వెళ్ళి, కుళాయి తిప్పకుండా పీట మీద కూర్చుండిపోయేది. జుట్టు సగం దువ్వి దువ్వెన చేత్తో పట్టుకునే నిద్రపోయేది. మా అమ్మ వెనక కూర్చుని మిగతా సగం దువ్వేది. కోడలి మీద రోజుకో వంక పెట్టే మనిషి, నెల తిరిగేసరికి ఒక్క మాట అనడం మానేసింది. అది చూసి నాకింకా దిగులేసింది.

నేను అందరూ అనే మాటలే అన్నాను. "ఇంకోటి దొరుకుతుందిలే," అన్నాను ఒకసారి.

"ఎక్కడ?" అంది.

దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నాకేమన్నా తెలుసేమోనని నా వంక చూస్తూ జవాబు కోసం ఆగింది. నేను తలతిప్పుకుని బూట్ల లేసులు కట్టుకున్నాను.

బడి తెరిచారు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు అమ్మ వైపు చూసేవాణ్ణి, అమ్మ తలూపేది. మా ఆవిణ్ణి ఒంటరిగా వదలకూడదని మా ఇద్దరి ఒప్పందం. ఆ మాట మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు. నాకు భయంగా ఉండేది. క్లాసులో లెక్క చెబుతూ చెబుతూ ఆగిపోయి, ఇంటికి ఫోన్ చేసి, అమ్మ "ఉంది, పడుకుంది" అంటే మళ్ళీ సుద్దముక్క పట్టుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం వానలో తడిసి ఇంటికొచ్చేసరికి ఆవిడ భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఎన్ని వారాల తర్వాతో! నాకు ప్రాణం లేచొచ్చింది. గొడుగు ఎక్కడ పడేశానో కూడా తెలీదు.

"ఇలా రండి మాస్టారూ. ఇది చూడండి."

సంస్థవాళ్ళ పలకల జాబితా. ఎవరైనా చూడొచ్చు. ఒక్కో పలక ఫొటో కింద చదివినవారు అని ఒక పేరు, తేదీ ఉంటాయి. పేరు మా ఆవిడది. తేదీ క్రితం వారానిది.

"ఇది నువ్వెప్పుడు చదివావు?"

"నేను చదవలేదు."

ఇంకో పేజీ తిప్పింది. అన్నిటి కిందా ఆవిడ పేరే. సోమవారం కొన్ని, మంగళవారం కొన్ని. ఆవిడ మా గదిలో గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో, అక్కడ ఆవిడ పేరు మీద పని నిక్షేపంగా సాగిపోతోంది.

"ఎవర్నో రోజుకూలీ మీద పెట్టుకునుంటారు," అంది. "కొత్త మనిషికి లాగిన్ ఇవ్వాలంటే కమిటీ దాకా వెళ్ళాలి. నాది ఎవరూ మూయలేదు. పాస్‌వర్డు నా బల్లకే అంటించి ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తప్పులున్నాయా?" అనడిగాను ఆశగా. బోలెడు తప్పులుండాలని, అడుగడుగునా తప్పులుండాలని కోరుకున్నాను.

"లేవు. వరసగా అన్నీ చూశాను. బాగా చదివారు. నేనైనా ఇలాగే చదువుతాను."

"నేనిప్పుడే ఫోన్ చేస్తాను. ఏమనుకుంటున్నారు వాళ్ళు? నీ పేరు తక్షణం తీసెయ్యమంటాను," అంటూ ఫోన్ తీశాను. నంబరు నొక్కబోతుంటే నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"వద్దు మాస్టారూ. ఉండనివ్వండి."

"ఎందుకు?"

తెర మీంచి చూపు తిప్పలేదు.

"అక్కడైనా పనిలో ఉన్నాను," అంది.

నేను ఫోన్ బల్ల మీద పెట్టేశాను. ఆవిడ ఇంకో పేజీ తిప్పింది.